డొంకూరు కాంతం అడిగిన రాత

కవిటి,
4 మే 2025

అమ్మా సౌజన్యా,

మీ మావయ్య పోలారావు దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ రాజులమ్మ అత్తయ్యా బాగున్నాం. ఈ ఏడు జీడిపిక్కలు ఆలస్యంగా రాలాయి, పనస మాత్రం విరగకాసింది. ఫోన్ చెయ్యొచ్చు కదా అని నువ్వంటావు. ఫోన్లో మూడో మాటకే "ఒక్క నిమిషం మావయ్యా, మీటింగ్" అంటావు. ముప్పై నాలుగేళ్లు బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసినవాణ్ణి. నా మాట చివరిదాకా వినిపించాలంటే నాకు తెలిసిన దారి ఇదే.

ముందు మంచి కబురు. దసరాకి వచ్చినప్పుడు మన వ్యాను కోసం నువ్వు రాసిచ్చిన 'వంతు' ప్రోగ్రామ్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఊరి కమిటీ వ్యాను ఒకటే, పలాసలో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు పదకొండు మంది. ఇదివరకు ఎవరి వంతు ఎప్పుడో పలక మీద రాసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసేవాణ్ణి. వ్యాను వదిలేసి పోతుందేమోనన్న భయంతో కామేశ్వరమ్మ పిన్ని తెల్లారకముందే రోడ్డు మీదకి వచ్చి నిలబడేది. ఇప్పుడు వ్యాను ఎంతసేపట్లో గుమ్మం ముందుకి వస్తుందో ఫోన్ చూపిస్తుంటే, తీరిగ్గా రెండు ఇడ్లీలు తిని మరీ బయలుదేరుతోంది.

ఇక చెడ్డ కబురు. మన వంతుని ఎవరో దొంగిలించారు.

శుక్రవారం పలాసలో మనవాళ్లని దింపి చెట్టు కింద కూర్చున్నాను. పక్కన డొంకూరు ఎండుచేపల కాంతం కూర్చుంది. వాళ్లాయనకీ వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆమె ఫోన్ ఉన్నట్టుండి ఒరియాలో ఏదో మాట్లాడింది. చూద్దును కదా, మన ఆకుపచ్చ తెరే. మన గడులే. పైన మాత్రం 'జీవన రథం' అని రాసుంది. నీ పేరు ఎక్కడా లేదు. ఎవరిచ్చారే అంటే, టెక్కలి రవికుమార్ బాబు వ్యాన్లవాళ్లు అందరి ఫోన్లలోనూ వేశారంది. ఆయనకి నాలుగు వ్యాన్లు, ఎరువుల దుకాణం, ఊళ్లో పలుకుబడి ఉన్నాయి.

మర్నాడే టెక్కలి వెళ్లి నిలదీశాను. ఆయన నవ్వి, "అది ఓపెన్ మావా, ఎవుడైనా వాడుకోవచ్చు" అన్నాడు. ఓపెనట. నా ఉద్యోగంలో అంటించిన కవరు ఒక్కటి ఓపెన్ అయితే నన్ను ఇంటికి పంపేసేవారు. పోలీసు స్టేషన్‌కి అర్జీ రాసి జేబులో పెట్టుకున్నాను. ఇది నా సొత్తు అని నువ్వు ఒక కాగితం సంతకం చేసి పంపితే జతచేసి ఇచ్చేస్తాను. ఆలస్యం చెయ్యకు.

మీ మావయ్య,
పోలారావు


పుణె,
12 మే 2025

మావయ్యకీ అత్తయ్యకీ నమస్కారాలు.

ఉత్తరం మొన్న అందింది. మూడుసార్లు చదివాను. ఇడ్లీల దగ్గర నవ్వాను, అర్జీ దగ్గర కంగారుపడ్డాను. మావయ్యా, ముందు ఆ కాగితం జేబులోంచి తీసి బీరువాలో పెట్టండి. రవికుమార్ గారు దాన్ని వాడుకోవడం దొంగతనం కాదు. వాడుకోమని నేనే అందరికీ అనుమతి ఇచ్చాను.

ఇది మీకు దసరాకే చెప్పాల్సింది. చెప్పకపోవడం నా తప్పు. వంతుని మీ చేతిలో పెట్టిన వారమే ఇంటర్నెట్‌లో కూడా పెట్టాను, ఒక లైసెన్సు జతచేసి. లైసెన్సు అంటే అనుమతి పత్రం. దాని ప్రకారం ఎవరైనా ప్రోగ్రామ్‌ని నడుపుకోవచ్చు, లోపల ఎలా రాశానో చూడొచ్చు, మార్చుకోవచ్చు, మరొకరికి ఇవ్వొచ్చు. డబ్బు తీసుకుని ఇచ్చినా తప్పు లేదు. ఇలాంటివాటిని 'ఫ్రీ' అంటారు. మనవాళ్లు ఉచితం అనుకుంటారు గానీ ఇక్కడ దాని అర్థం స్వేచ్ఛ.

ఎందుకిచ్చావు అంటారేమో. వంతులో కనిపించే మన ఉద్దానం ప్రాంతపు దారుల పటం నేను గీసింది కాదు. ఎవరెవరో తమ ఊళ్ల రోడ్లు గీసి లోకానికి వదిలేశారు. తేదీలు లెక్కించే భాగం ఇంకెవరో రాశారు. వాళ్లెవరూ నన్ను ఒక్క పైసా అడగలేదు. అవి లేకపోతే నా దసరా సెలవుల్లో అది తయారయ్యేదే కాదు.

కానీ రవికుమార్ గారికి నాలుగు హక్కులు ఉన్నట్టే రెండు బాధ్యతలూ ఉన్నాయి. ప్రోగ్రామ్‌ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు రాసినవాళ్ల పేరు, అనుమతి పత్రం తీసెయ్యకూడదు. తను మార్చిన రాత కూడా, పుచ్చుకున్నవాళ్లు అడిగితే, అదే అనుమతితో ఇవ్వాలి. రాత అంటే సోర్స్ కోడ్, ప్రోగ్రామ్ అసలు రూపం. తన దుకాణంలో తనొక్కరే వాడుకుంటే ఇవేవీ అక్కర్లేదు. కాంతం లాంటివాళ్ల ఫోన్లలో వేశారు కాబట్టి కావాలి. పేరు తీసెయ్యడం మాత్రం తప్పే. అయినా దానికి పోలీసులు ఎందుకు, మంచిగా అడుగుదాం.

అత్తయ్యకి పనసపొట్టు ఆవకూర జ్ఞాపకం వచ్చి ఇక్కడ అన్నం సహించడం లేదని చెప్పండి.

మీ మేనకోడలు,
సౌజన్య


కవిటి,
24 మే 2025

సౌజన్యకి,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మీ అత్తయ్య నాకు ఒంట్లో బాగాలేదనుకుని మిరియాల చారు కాచింది.

నువ్వు రాసింది కంప్యూటర్ భాష. వంతు మాత్రం నాది కూడా అనుకున్నాను. దూరపు ఊరివాళ్లని ముందు ఎక్కించాలని, జ్వరమొస్తే వంతు ఎలా సర్దాలని, వర్షమొస్తే కొబ్బరితోటల మధ్య ఏ దారి మునుగుతుందో అని, మూడు రోజులు అరుగు మీద కూర్చుని నీకు చెప్పింది నేను. ఆరేళ్లు వ్యాను వెనక తిరిగి నేర్చుకున్న సంగతులవి. లోకానికి ఇచ్చేముందు మావయ్యా అని ఒక్క మాట అడగలేదు.

అది అలా ఉంచు. ఎవరైనా మార్చుకోవచ్చని నువ్వే రాశావు. అదే జరిగింది. మంగళవారం కామేశ్వరమ్మ పిన్ని వంతు, నా ప్రమేయం లేకుండా, బుధవారానికి మారిపోయింది. నేను మార్చలేదు. డ్రైవరు మార్చలేదు. టెక్కలిలో కూర్చుని రవికుమారే మార్చి ఉంటాడు, నేను వెళ్లి నిలదీశానన్న కక్షతో. వెంటనే ఫోన్ కట్టేసి పాత పలక దించాను.

పలక మీద లెక్క తప్పింది. దాచడమెందుకు, తప్పు నాదే. మంగళవారమా బుధవారమా అన్న గందరగోళంలో రెండు రోజులూ పిన్నిని వదిలేశాను. గురువారం పొద్దున్న కాళ్లు వాచి, ఆయాసపడుతుంటే ఆటోలో పలాస తీసుకెళ్లాం. సెంటర్లోవాళ్లు మంచివాళ్లు, వెంటనే మంచం ఇచ్చారు. సాయంత్రానికి తేరుకుని, "పోలారావూ, నీ పలక కన్నా ఆ పిల్ల ఫోనే నయం" అంది. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

కాబట్టి ఇప్పుడు నాకు కావలసింది ఒకటే. ఆ ప్రోగ్రామ్‌కి గట్టి తాళం వేసి పంపు. ఓపెన్ వద్దు.

పోలారావు


పుణె,
29 మే 2025

మావయ్యా,

ఉత్తరం అందగానే ఫోన్ చేశాను. అత్తయ్య ఎత్తి, "మీ మావయ్య అలిగినాడమ్మా, కాయితం మీద రాయి, అప్పుడే వింతాడు" అని పెట్టేసింది. అందుకే సెలవు పెట్టి కూర్చుని రాస్తున్నాను.

కామేశ్వరమ్మ అమ్మమ్మకి జరిగినదానిలో నా తప్పూ ఉంది. "ఎవరైనా మార్చుకోవచ్చు" అన్న నా వాక్యం వల్ల వచ్చింది ఇదంతా. సరిగ్గా చెబుతాను. అత్తయ్య దగ్గర ఆవకూర ఎలా చెయ్యాలో పదిమంది రాసుకెళ్లారనుకోండి. ఒకావిడ తన ఇంట్లో కారం ఎక్కువ వేసుకోవచ్చు, ఇంకొకావిడ కొబ్బరి కలుపుకోవచ్చు. అంతమాత్రాన మన పొయ్యి మీద గిన్నెలో వాళ్లు ఉప్పు వెయ్యలేరు కదా. అందరికీ తెరిచి ఉంచింది ప్రోగ్రామ్ రాసిన విధానం మాత్రమే. మన పదకొండు మంది పేర్లు, వంతులు, ఫోన్ నంబర్లు మన దగ్గరే తాళం వేసి ఉన్నాయి. రవికుమార్ గారికి అవి కనబడనే కనబడవు.

మరి వంతు ఎలా మారిందంటారా. ఏదైనా తేడా వస్తే చూడమని మీరు నాకు తాళంచెవి ఇచ్చారు కదా, చూశాను. ఆ మార్పు ముందురోజు సోమవారం మధ్యాహ్నం మూడుంబావుకి జరిగింది. మీ ఫోన్ నుంచే. ఆ వేళకి ఫోన్ ఎవరి చేతిలో ఉందో ఒకసారి ఇంట్లోనే అడగండి.

ఇక మీ కోపం. అది న్యాయమైనదే. పక్కవాళ్లు రాసిన ప్రతి ముక్కకీ జాగ్రత్తగా పేరు పెట్టినదాన్ని, మూడు రోజులు అరుగు మీద కూర్చుని చెప్పిన మనిషి పేరు మరిచిపోయాను. అడగకుండా ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు. నిన్న సరిచేశాను. ప్రోగ్రామ్‌లో రచయితల పేర్లుండే చోట నా పేరు పైన ఇలా ఉంది: 'వంతుల నియమాలు: పోలారావు, విశ్రాంత బ్రాంచి పోస్టుమాస్టరు, కవిటి.' ఇక ఎవరు దీన్ని ఎవరికిచ్చినా ఈ పేరు తియ్యకూడదు. మీకు ఇష్టం లేకపోతే మన తరవాతి మార్పుల్ని బయటకి ఇవ్వను. ఇచ్చేసినదాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేను. ఈ లైసెన్సులో ఆ మాట గట్టిగా ఉంది, అది మంచికే.

రవికుమార్ గారికి ఒక ఉత్తరం రాసి ఇందులో పెట్టాను. నేనైతే నా పేరు గురించే అడగగలను. మార్చిన రాతని ఇమ్మని అడిగే హక్కు మాత్రం ప్రోగ్రామ్ పుచ్చుకున్న మనిషిది. అంటే డొంకూరు కాంతం గారిది. ఆవిడకి ఇష్టమైతే వెంట తీసుకెళ్లండి.

క్షమాపణలతో,
సౌజన్య


కవిటి,
6 జూన్ 2025

అమ్మా సౌజన్యా,

ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో తెలిసింది. మీ అత్తయ్య చేతిలో.

నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే ఆవిడ పనసపొట్టు కొడుతూ తల ఎత్తకుండా చెప్పింది. "నానే మార్సినాను. కామేశ్వరమ్మత్త మనవరాలికి మంగళారం పెళ్లిచూపులన్నాది. సెంటర్ని అడిగి ఒప్పించుకున్నాది కూడాను. నువ్వు అడిగితే సెప్పేదాన్ని. అడగనేదు, పలక దించేసినావు. బుధారం అత్తని ఎక్కించినావనే అనుకున్నాను." నాకు తెలియకుండా మూడు నెలలుగా ఆవిడ వంతు నడపడం నేర్చుకుందట. నేను మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు వచ్చే ఫోన్లన్నిటికీ వంతులు సర్దుతున్నది ఆవిడేనట. రవికుమార్ మీద అన్న మాటలన్నీ నేను మింగుకోవలసి వచ్చింది.

కాంతాన్ని అడిగితే, "నాకేటి హక్కు బాబూ, చదువు రాందాన్ని" అంది. నువ్వు రాసిన ముక్క చదివి వినిపించాను. ఎండుచేపల గంప తోటికోడలికి అప్పగించి, ఉతికిన చీర కట్టుకుని బస్సెక్కింది.

రవికుమార్ దుకాణంలో మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. నేను పోలీసులతో వస్తానని అప్పటికే ఎవరో చెప్పారట. నీ ఉత్తరం చేతికిస్తే తీసుకోలేదు. అందులో ఎంత కట్టమని ఉందో అని భయం. నేనేదో అనబోతుంటే కాంతమే ముందుకొచ్చింది.

"బాబూ, నా ఫోన్లో మీరేసిందుంది కదా, దాని రాత నాకియ్యాల" అంది.

"రాతేటి? నీకెందుకది?" అన్నాడు రవికుమార్.

"ఎందుకన్నది నాను సెప్పక్కర్నేదంట. అడిగితే మీరియ్యాలంట. ఈ మావ కాయితం సూసి సెప్పినాడు."

దుకాణం వెనక గదిలోంచి ఒక అమ్మాయి వచ్చి నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుని నిలబడింది. ఇచ్ఛాపురం పిల్ల, పేరు ధరణి. రవికుమార్ దగ్గర కంప్యూటర్ పని చూస్తుంది. "నాను ముందే సెప్పినాను సార్, పేర్లు తియ్యకూడదని" అంది ఆయనతో.

అప్పుడు ఆయన నెమ్మదించి కూర్చున్నాడు. సంగతి చెబుతాను విను. ఆ మనిషి మంచిచెడ్డలు నాకు ఆ రోజే తెలిశాయి. ఫ్రీ అంటే ఎవరినీ అడగక్కర్లేదనుకున్నాడట. లోపల ఇంకొకరి పేరుంటే రేపు వాళ్లొచ్చి వ్యాన్లే ఆపేస్తారేమోనని పేరు తీయించాడట. వాళ్ల నాన్న చివరి రెండేళ్లు ఇదే జబ్బుతో పలాస తిరిగాడు. ఆ తరవాతే ఈ వ్యాన్లు పెట్టాడు. రోగుల దగ్గర డీజిలు ఖర్చే పుచ్చుకుంటాడని కాంతం కూడా చెప్పింది. నేను మొదటిరోజు అరిచింది ఇలాంటి మనిషి మీద.

నీ ఉత్తరం మొత్తం చదివాడు. "డబ్బు మాటే నేదేటి మావా" అన్నాడు. "నేదు. పేరు పెట్టు, నువ్వు మార్సింది మాకియ్యి. నీ పేరూ ధరణి పేరూ కూడా అందులో ఉంటాయి" అన్నాను. తన పేరు కూడా ఉంటుందనేసరికి ఆయన ముఖం విప్పారింది.

ధరణి అక్కడికక్కడే రాతంతా ఒక చిన్న పెన్ డ్రైవ్‌లో వేసి కాంతం చేతిలో పెట్టింది. కాంతం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొంగున ముడివేసుకుంది. బస్సులో అడిగి తీసుకున్నాను. నీకు ఇదే కవరులో పంపుతున్నాను, రిజిస్టర్డ్ పోస్టులో.

నీమీద కోపం పోయింది. పేరు పెట్టినందుకు కాదు. తప్పని ఒప్పుకున్నందుకు.

మీ మావయ్య,
పోలారావు


పుణె,
15 జూన్ 2025

మావయ్యకీ, వంతుల అసలు అధికారి అయిన అత్తయ్యకీ,

పెన్ డ్రైవ్ క్షేమంగా చేరింది. ఎండుచేపల వాసన కాస్త వస్తోంది. మా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

ధరణి రాసింది రెండు రోజులు కూర్చుని చదివాను. చాలా శుభ్రంగా రాసింది. చదువు రానివాళ్లకి వ్యాను ఎప్పుడొస్తుందో తెలుగులోనూ ఒరియాలోనూ గట్టిగా చెప్పే ఏర్పాటు తనదే. నాకు ఒరియా రాదు, నేనైతే ఎప్పటికీ చెయ్యలేకపోయేదాన్ని. ఇంకొక సంగతి. నెలలో ముప్పై ఒకటో తేదీ ఉంటే మర్నాటి వంతులు ఒక్కోసారి తారుమారయ్యే పొరపాటు నా రాతలో ఉంది. అది నాకే తెలియదు. తను కనిపెట్టి సరిచేసింది. నేను తాళం వేసి ఉంటే ఆ పొరపాటు అలాగే ఉండిపోయేది, ఏదో ఒకటో తారీఖున మళ్లీ ఎవరో రోడ్డు మీద నిలబడేవారు.

తనకి ఫోన్ చేసి మాట్లాడాను. మొదట మేడం అంది, అరగంటకి అక్కా అంది. ఆ మార్పులన్నీ మన వంతులో కలిపేశాం. వచ్చే నెల ఒకటి నుంచి కామేశ్వరమ్మ అమ్మమ్మ ఫోన్ కూడా మాట్లాడుతుంది. ముందే చెప్పి ఉంచండి, ఉలిక్కిపడుతుంది.

ఈసారి అడిగి చేస్తున్నాను. పర్లాకిమిడి వైపు కొండ ఊళ్ల నుంచి ఎవరో వంతు గురించి రాశారు. వాళ్లు వాడుకోవడానికి మన సెలవు అక్కర్లేదు. అయినా మీతో మాట్లాడాలట, నియమాలు రాసింది మీరని చూశారు. మీ చిరునామా ఇవ్వనా?

మీ సౌజన్య


కవిటి,
10 ఆగస్టు 2025

అమ్మా సౌజన్యా,

ఆలస్యంగా రాస్తున్నాను, కారణం ఉంది.

చిరునామా ఇవ్వమని ఫోన్లోనే చెప్పాను కదా, పోయిన నెల ఆ పర్లాకిమిడివాళ్లు ఇద్దరు వచ్చారు. కొండ దారుల్లో రోగుల్ని తెచ్చే జీపు ఒకటి నడుపుతున్నారు. కొబ్బరిబొండాలు కొట్టించి కూర్చోబెట్టాను. ఎంత ఇవ్వాలని అడిగారు. నీ లైసెన్సు సంగతంతా నేనే చెప్పాను, మీ అత్తయ్య ఆవకూర ఉదాహరణతో సహా. ఆవిడ లోపల్నుంచి వింటూ, "ఉప్పు మాట కూడా సెప్పు" అని అందించింది. అంతా విని, సంతకం ఎక్కడ పెట్టాలన్నారు. అక్కర్లేదంటే నమ్మలేదు. వాళ్ల తృప్తి కోసం ఒక కాగితం మీద ఇద్దరి పేర్లూ రాయించుకుని పంపాను.

పదిహేను రోజులకి వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఒక నియమం మార్చారట. డయాలసిస్ అయ్యాక అందరికన్నా నీరసంగా ఉన్నవాళ్లని డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టాలన్నది నేను పెట్టిన నియమం. దాన్ని తీసేసి, మధ్య వరసలో ఇద్దరి నడుమ కూర్చోబెడుతున్నారట. మార్చిన రాత ధరణికి పంపారు.

నాకు చిర్రెత్తింది. ఆరేళ్లుగా నడుస్తున్న నియమం. నీకు ఫిర్యాదు రాద్దామని కాగితం కూడా తీశాను. మార్చుకునే హక్కు వాళ్లకుందని నేనే బొండాం ఇచ్చి మరీ చెప్పాను కాబట్టి ఏం రాయాలో తోచలేదు. శుక్రవారం తిరుగు ప్రయాణంలో పలాస నుంచి కంచిలి దాకా నేనే ముందు సీట్లో కూర్చున్నాను, ఒంట్లో ఓపిక లేనివాడిలా ఒళ్లు వదిలేసి, కళ్లు మూసుకుని. బ్రేకు వేసినప్పుడల్లా తల వెళ్లి అద్దానికి కొట్టుకుంది. కంచిలిలో దిగి, వెనక్కి వెళ్లి మధ్య వరసలో కామేశ్వరమ్మ పిన్నికీ ఇంకొకాయనకీ నడుమ సర్దుకున్నాను. తరవాత ఏమైందో నాకు తెలీదు. "పోలారావూ, దిగు. ఇల్లొచ్చినాది" అని పిన్ని భుజం తట్టి లేపింది. వ్యానులో ఉన్నవాళ్లందరూ నన్నే చూస్తున్నారు.

ఈ ఆరేళ్లలో ఎంతమంది తలలు ఆ అద్దానికి కొట్టుకున్నాయో. నీరసంలో ఉన్నవాళ్లు నాతో చెప్పలేదు. నేనూ ఎప్పుడూ ఆ సీట్లో కూర్చోలేదు.

శనివారం నుంచి మన వ్యానులోనూ మధ్య వరసే. ధరణి మన దాంట్లోనూ కలిపేసింది. నియమాలు రాసినవాళ్ల దగ్గర ఆ పర్లాకిమిడివాళ్ల పేర్లు కూడా చేర్చు. స్పెల్లింగు తప్పు పోకుండా వాళ్లు రాసిచ్చిన కాగితం ఈ కవరులోనే పెడుతున్నాను. నా పేరు కింద రాయి. పైన రాసినా నాకేమీ పట్టింపు లేదు.

మీ మావయ్య,
పోలారావు